చూసినానని రాయి

పోయిన నెల పాకాల బండి దిగి, పెనుకొండ వైపు వెళ్ళే బండి కోసం ధర్మవరం జంక్షన్‌లో ఆగాను. ఇంకా రెండు గంటల వ్యవధి ఉంది. ఆ స్టేషన్‌లో అంత వ్యవధి దొరికితే నాకు ప్లాట్‌ఫారం మీద కూర్చునే అలవాటు లేదు. బడి బావి వీధిలో, పట్టుకు రంగులు వేసే ఒక పెద్దాయన ఇంటికి వెళ్ళి కూర్చుంటాను. ఆ రోజూ వెళ్ళాను. పెరట్లో పొయ్యి మీద ఎప్పుడూ మరుగుతూ ఉండే రాగి కాగు గోడవారగా బోర్లించి ఉంది. ఆయన భార్య వసారాలో కూర్చుని చిక్కుపడిన పట్టుదారపు చిలప విడదీస్తోంది. నన్ను చూసి చిలప పక్కన పెట్టింది.

"నెలా పది దినాలాయ నాయనా, ఆయన పోయి. నీకు జాబు రాయమని చెప్తిని. ఎవురూ రాసినట్లు లేదే" అంది.

జ్వరం మూడు రోజులేనట. రెండో రోజు ఆమె తాగడానికి నీళ్ళిస్తే గుటక వేయకుండా నోట్లోనే ఉంచుకుని, ఇవి తోట బావివి కావు, యాడివి అని అడిగాడట. నిజంగానే ఆమె వీధి బావి నుంచి తెచ్చిందట. ఆ మాట చెబుతూ ఆమె కాస్త నవ్వింది. నేనూ నవ్వాను. బండికి టైమయ్యే దాకా అక్కడే కూర్చున్నాను.

ఆయన్ని వీధిలో అందరూ రంగులాయప్ప అనేవారు. నేను పెద్దనాయనా అని పిలిచేవాణ్ణి. మనిషి పొట్టి. నెత్తిన ఎప్పుడూ తడి తువ్వాలు. మోచేతుల దాకా ఆయన చేతులు మనుషుల చేతుల రంగులో ఉండగా నేను చూడలేదు. ఒక ఆదివారం నెమలికంఠం రంగు, మరో ఆదివారం వంకాయ రంగు. మగ్గాల మీద ఆ వారం ఏ చీరలు నడుస్తున్నాయో ఆయన చేతులు చూసి చెప్పవచ్చు. నీళ్ళ గురించి ఆయన మాట్లాడుతుంటే కొత్తవాళ్ళు పశువుల గురించి అనుకునేవాళ్ళు. దోసిట్లో నీళ్ళు తీసుకుని, నోట్లో పోసుకుని, కళ్ళు మూసుకుని, పక్కకు ఉమ్మి, "ఈ పొద్దు మాట వింటాది" అనేవాడు. లేదా, "మొండికేసింది" అనేవాడు. మొండికేసిన రోజున ఎంత పెద్ద షావుకారు వచ్చి నిలబడినా కాగు కింద మంట పెట్టేవాడు కాదు. దేన్నీ బాగుందని మెచ్చుకోవడం ఆయనకు చేతకాదు. మరీ నచ్చితే, "ఒప్పుకుంటా" అనేవాడు. ఆ మాట ఆయన నోట నేను ఇన్నేళ్ళలో నాలుగు సార్లు విన్నానేమో.

నేను ఆయన్ని కలిసిన నాటికి హిందూపురంలో హైస్కూలు సైన్సు అయ్యవారిని. ఇల్లు పెనుకొండ. రసాయనశాస్త్రంలో ఎమ్మెస్సీ చదివి వచ్చాను, యూనివర్సిటీలో పరిశోధన చేయాలని నా పట్టుదల. ఆ ఉద్యోగాల దరఖాస్తులో ఒక గడి ఉండేది: ప్రచురించిన పరిశోధన పత్రాలు. దానిలో రెండేళ్ళు వరసగా 'లేవు' అని రాసి పంపాను. రెండేళ్ళూ పిలుపు రాలేదు. పరిశోధన పత్రికలో పేరు అచ్చుపడితే తప్ప లోపలికి రానివ్వరు, లోపలికి వెళితే తప్ప పరిశోధనకు తావు దొరకదు. ఈ చిక్కు మా నాయనకు చెప్పాను. ఆయన దృష్టిలో పత్రిక అంటే సీరియల్ నవల వచ్చేది. ఓపిగ్గా విని, రెవెన్యూ పరీక్షకు కట్టరాదా అన్నాడు. నేను కట్టలేదు. నా చేత అవుతుందని నాకు గట్టి నమ్మకం. దేని మీద రాయాలో మాత్రం తెలియదు.

ఆ సంగతి ధర్మవరంలో దొరికింది. మా చెల్లెలి పెళ్ళి చీర పని ఎందాకా వచ్చిందో చూసి రమ్మని అమ్మ పంపితే వెళ్ళాను. తొలి వాన పడి నాలుగు రోజులైంది. నేతగాడు నన్ను రంగులాయప్ప పెరటికి తీసుకుపోయాడు. మేం చూస్తుండగానే ఆయన నిండు కాగెడు వేడినీళ్ళు కాలువలోకి ఒంపేశాడు. ఎందుకని అడిగాను. వాన పడింది గదా, నీళ్ళు చెడినాయి, ఇంకో ఇరవై దినాలు ఇంతే అన్నాడు. చదువుకున్న పొగరుతో నేను ఆయన్ని సరిదిద్దాను. ఎండాకాలంలో బావిలో నీళ్ళు తగ్గి లవణాలు చిక్కబడతాయి, వాన నీరు కలిస్తే పల్చబడి నీళ్ళు మెత్తబడతాయి, మీరు చెప్పింది తిరగేసి ఉంది అన్నాను.

"అట్లని పుస్తకంలో ఉండాదా?" అన్నాడు.

ఉంది అన్నాను.

"పుస్తకం రాసినాయప్ప ఈ బావి చూసినాడా?"

ఆయన ఎగతాళిగా అడగలేదు. నిజంగా తెలుసుకోవాలని అడిగాడు. ఆ సాయంత్రం రెండు సీసాల బావి నీళ్ళతో బండెక్కాను.

స్కూలు ప్రయోగశాలలో సబ్బు ద్రావణంతో నీళ్ళ కాఠిన్యం కొలిచాను. నురుగు నిలవడానికి ఎంత సబ్బు పడితే నీరు అంత కఠినం. ఆ నీటికి పట్టిన సబ్బు చూసి నా లెక్కే తప్పిందనుకుని మూడు సార్లు చేశాను. తప్పలేదు. తరువాత ఏడాది పాటు కొలిస్తే, తొలి వానలకు నీళ్ళు నిజంగానే ఎండాకాలం కంటే చెడిపోతున్నాయని తేలింది. ఎండలకు నేలలో పైకి వచ్చి పేరుకున్న ఉప్పులను తొలి వాన కడిగి బావిలోకి దింపుతోంది. కొన్ని వారాలకు ఆ ఉప్పు వెళ్ళిపోయాక నీళ్ళు మెత్తబడుతున్నాయి. నాకు తెలిసిన పుస్తకాల్లో ఈ మాట లేదు.

ఆ ఏడాది పొడవునా ఆదివారాలు ధర్మవరంలోనే గడిచాయి. వీధి బావి, బడి బావి, తోట బావి, మూడింటి నుంచి మూడు సీసాలు. మద్యనిషేధం ఉన్న రోజులు. సంచిలో సీసాల చప్పుడు విని ఒకసారి టికెట్ కలెక్టరు ఆపాడు. బావి నీళ్ళని ఎంత చెప్పినా నమ్మక, ఒక గుక్క తాగి చూపించమన్నాడు. తాగాను. అది వానల తరువాతి బడి బావి నీరు. నా ముఖం చూశాక ఆయనకు అనుమానం ఇంకా పెరిగింది.

ఏడాది కొలతలతో పత్రం రాసి, మంచి పేరున్న పరిశోధన పత్రికకు పంపాను. అయిదు నెలలకు తిరిగి వచ్చింది. పత్రిక తరఫున చదివిన పరిశీలకుడు రెండే వాక్యాలు రాశాడు. ఒక్క ఏడాది వానను పట్టుకుని ఇంత మాట చెప్పలేము, పదేళ్ళ వివరాలు ఉంటే తప్ప ఇది యాదృచ్ఛికం కాదనుకోవడానికి ఆధారం లేదు. ఆయన అన్నది న్యాయమే. కానీ పదేళ్ళు ఆగితే నాకు ముప్పై ఆరేళ్ళు వస్తాయి.

ఆ ఆదివారం వెళ్ళి ఉత్తరంలో ఉన్నది తెలుగులో చెప్పాను. పెద్దనాయన కట్టె ఎగదోసి, లోపలికి పోయి, దూలానికి వేలాడుతున్న తాడొకటి తెచ్చి నా ముందు పరిచాడు. దానికి వరసగా వందల పట్టుపోగులు ముడేసి ఉన్నాయి. మధ్య మధ్య ఎర్ర నూలు గుడ్డపీలికలు. వెనుకెప్పుడో పెద్ద మొత్తంలో పట్టు మచ్చలు పడి పాడైందట. అప్పటి నుంచి, జిగురు పోవడానికి పట్టు ఉడకబెట్టిన ప్రతిసారీ, రంగు వేయకముందే ఒక పోగు తీసి తాడుకు ముడివేస్తున్నాడు. ఎర్ర పీలిక తొలి వాన. తాడు మీద పీలికలు పదకొండు ఉన్నాయి. పీలిక దాటిన ప్రతిచోటా పోగులు మసకబారి, కొన్ని ముళ్ళ తరువాత మళ్ళీ మెరుస్తున్నాయి. నేను పదేళ్ళు ఆగవలసిన చోట ఆయన పదకొండేళ్ళు ముడివేసి పెట్టాడు.

అయినా అది అలాగే రాస్తే ఎవరూ ఒప్పుకోరు. ఆయన అనుమతితో పోగులు కత్తిరించి, ఏది ఎప్పటిదో నాకే తెలిసే అంకెల చీటీలు కట్టి, అన్నీ కలిపేసి, ఒక్కొక్కటే ఆయన చేతిలో పెట్టాను. వేళ్ళ మధ్య రుద్ది మంచి నీళ్ళు, చెడ్డ నీళ్ళు అని చెబుతూ పోయాడు. వారం తరువాత అవే పోగులు మళ్ళీ కలిపి పెట్టాను. సగంలో ఆగి నా వైపు చూశాడు.

"నాకు పరీక్ష పెడ్తాండావు గదా" అన్నాడు.

అవునన్నాను, కాస్త సిగ్గుపడుతూ.

"పెట్టు. పెట్టకుంటే వాళ్ళు ఎట్ల ఒప్పుకుంటారు?"

రెండు వారాల జవాబులూ దాదాపు అక్షరం పొల్లుపోకుండా కలిశాయి. కలవని కొద్ది పోగుల గురించి కూడా ఉన్నదున్నట్లు రాయమన్నాడు.

రెండోసారి రాసిన పత్రం పంపే ముందు మొత్తం ఆయనకు తెలుగులో వినిపించాను. మొదటి పేరాలోనే ఆపాడు. నేను ఇంగ్లీషులో రాసుకున్న వాక్యానికి అర్థం ఇది: తొలి వానల తరువాత నీరు చెడుతుందని ధర్మవరం రంగులవాళ్ళలో ఒక నమ్మకం ఉంది.

"నమ్మకమని రాస్తివా?" అన్నాడు. "నమ్మకం గుడికాడ అప్పా. ఈడ నేను నమ్మలేదు, చూసినా. చూసినానని రాయి."

ఆ రోజు బండిలో కూర్చుని ఆ వాక్యం కొట్టేశాను. ధర్మవరంలో ఫలానా ఆయన పదకొండేళ్ళుగా పరిశీలించి కనుగొన్న విషయాన్ని ఈ పత్రంలో కొలతలతో పరీక్షించాము అని, ఆయన పేరు పెట్టి రాశాను. సంపాదకుడు పత్రం తీసుకుంటాననే రాశాడు గాని, శాస్త్ర పత్రికలో రంగులు వేసే ఆయన పేరు అవసరమా, ఆ వాక్యం తీసేస్తే మంచిది కదా అని సూచించాడు. మొదటి పత్రం, ఇరవై ఏడేళ్ళ వయసు, తల ఊపడమే తెలివి. కానీ ఆ పేరు తీసేస్తే నేను చేసిన పనికి మొదలు లేకుండా పోతుంది. అదే మాట మర్యాదగా రాసి పంపాను. మారు మాట్లాడకుండా వేసుకున్నారు. మూడు పేజీలు.

అచ్చు ప్రతులు రాగానే ధర్మవరం పరుగెత్తాను. తన పేరున్న చోట నేను వేలు పెట్టి చూపితే ఆయన ఒకసారి చూసి, తక్కిందీ చదువు అన్నాడు. పట్టికలో అంకెలు కూడా వదలనివ్వలేదు. బావి పేరు, వారం, అంకె. అంకె పెద్దదైతే నీళ్ళు చెడ్డవని ఆయనకు ఎప్పుడో తెలుసు. ఒక వరస దగ్గర చేయి ఎత్తాడు.

"ఆ వారం తోట బావి నీళ్ళు యాడివి? గిలక విరిగి ఆ నెలంతా దాన్నుంచి ఎవురూ చేదలేదే."

నాకు చప్పున గుర్తొచ్చింది. ఆ ఆదివారం బండి కూత వేస్తోంది. తోట దాకా పోయే తీరిక లేక, ఆయన పెరట్లో తొట్టి నుంచి సీసా ముంచుకున్నాను. తొట్టిలో ఎప్పుడూ తోట బావి నీళ్ళే పోస్తారు గనుక అవే అనుకున్నాను. గిలక విరిగిన నెలలో ఆ తొట్టి నింపింది బడి బావి నీళ్ళతో. నేను చూడలేదు, అనుకున్నాను. తోట బావి అని పేరు పెట్టి అచ్చువేయించాను.

ఒక్క వరస. తక్కిన కొలతలకు ఢోకా లేదు, ముగింపు మారదు. పైగా ఈ మాట ప్రపంచంలో తెలిసింది ఇద్దరికే. ఇంకో నెలలో నాకు యూనివర్సిటీలో ఇంటర్వ్యూ ఉంది. ఆ గడిలో మొదటిసారి ఒక పేరు రాసి పంపితే వచ్చిన పిలుపు అది. ఎమ్మెస్సీలో నాకు చదువు చెప్పిన గురువుగారికి సంగతి రాశాను. ఆయన నా మేలు కోరే మనిషి. ఉద్యోగం వచ్చాక సవరణ పంపు, ముందే పంపితే చేతకానివాడనుకుంటారు అని జవాబు రాశారు. ఆ ఉత్తరం జేబులో పెట్టుకుని రెండు ఆదివారాలు ధర్మవరం వెళ్ళకుండా తప్పించుకున్నాను. మూడో ఆదివారం వెళ్ళి, గురువుగారి మాటలు ఉన్నవి ఉన్నట్లు చెప్పాను.

పెద్దనాయన చిలప పిండి, దండెం మీద ఆరేసి, వచ్చి నా పక్కన కూర్చున్నాడు.

"మచ్చ పడిన చిలపను లోపలికి మడిచి కట్టీయొచ్చు. చూసేవానికి పైన మెరుస్తాండేవే కనపడతాయి. తీసుకపోతాడు. అది మగ్గమెక్కి, చీర సగమైనాక బయటపడుతుంది. అప్పుడు వాడు దాన్ని విప్పలేడు, నేయలేడు" అన్నాడు. తరువాత నా జేబులోని ఉత్తరం వైపు చూసి, "నీ కాయితం మీద కూడా ఎవురో ఒకరు నేస్తారు గదప్పా" అన్నాడు.

సోమవారం హిందూపురం పోస్టాఫీసులో సవరణ వేశాను. ఫలానా వరసలోని కొలత తోట బావిది కాదు, నమూనా సేకరణలో నా పొరపాటు, ఆ వరసను లెక్కలోకి తీసుకోవద్దు. నాలుగే పంక్తులు. కవరు పెట్టెలో పడిన చప్పుడు వినగానే భుజాలు తేలికపడ్డాయి. ఇంటర్వ్యూకు తీసుకెళ్ళే కాగితాల్లో దాని నకలు కూడా పెట్టుకున్నాను.

ఇంటర్వ్యూలో ముగ్గురు. వాళ్ళలో పెద్దవాడు పత్రం చదివి వచ్చాడు. సవరణ నకలు తీసి, ఇది ఇంకా అచ్చుకాలేదే, మీరే ఎందుకు చూపిస్తున్నారు అని అడిగాడు. పత్రం చూపిస్తే అదీ చూపించాలి గదా అన్నాను. తప్పు ఎవరు పట్టుకున్నారన్నాడు. పత్రంలో పేరున్న ఆయనే అన్నాను. ఆయనకు ఇంగ్లీషు వచ్చా అన్నాడు. రాదు, చదివించుకుని విన్నాడు అన్నాను. ముగ్గురూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

ఆ ఉద్యోగం నాకు రాలేదు. మూడు పత్రాలున్న ఇంకొకరికి ఇచ్చారు. అది సరైన పనే. కానీ ఆరు వారాలకు, ఇంటర్వ్యూలోని ఆ పెద్ద ప్రొఫెసరు సొంత చేతిరాతతో ఉత్తరం రాశాడు. రాయలసీమ బావుల నీటి మీద పని మొదలుపెడుతున్నాననీ, సీసా ఎక్కడ ముంచావని అడిగితే నిజం చెప్పే మనిషి తనకు కావాలనీ. మా నాయన ఆ ఉత్తరం నాచేత రెండుసార్లు చదివించుకున్నాడు. రెవెన్యూ పరీక్ష మాట మళ్ళీ ఎత్తలేదు. ధర్మవరం వెళ్ళి చెబితే పెద్దనాయన తువ్వాలు తీసి ముఖం తుడుచుకుని, "ఒప్పుకుంటా" అన్నాడు.

ఆయన దగ్గర యూనివర్సిటీలో చేరిన మూడో ఏట, అమరాపురం నుంచి కొత్తచెరువు దాకా నలభై ఊళ్ళ బావుల మీద రెండో పెద్ద పత్రం రాశాను. ఏ ఊళ్ళో ఏ వారం నీళ్ళు ముంచాలో సగం ఊళ్ళకు పెద్దనాయనే చెప్పాడు. రచయితల పేర్లలో నా పేరు తరువాత ఆయన పేరు పెట్టాను. ఈసారి సంపాదకుడు అభ్యంతరం చెప్పలేదు. రెండో రచయిత ఏ సంస్థకు చెందినవారో రాయండి, ఆ గడి ఖాళీగా ఉంచడానికి మా పద్ధతి ఒప్పుకోదు అని మాత్రం అడిగాడు. నేను వచ్చి పెద్దనాయనను అడిగాను. సంస్థ అంటే ఏమని అడిగాడు. ఎవరికైనా అనుమానం వస్తే రాసి అడగడానికి చిరునామా అన్నాను.

"అయితే ఇల్లు రాయి. యాడికీ పోను గదా" అన్నాడు.

ఇంటి చిరునామాయే రాశాను. అచ్చులో నా పేరు కింద యూనివర్సిటీ, ఆయన పేరు కింద బడి బావి వీధి, ధర్మవరం.

ఆ ఏడాది చివరలో ఆయనకు ఒక కార్డు వచ్చింది. ఉత్తరాదిన ఎక్కడో నీటి మీద పనిచేసే కుర్ర పరిశోధకుడు, పత్రం అచ్చు ప్రతి ఒకటి పంపమని ఇంగ్లీషులో రాశాడు. పేరుకు ముందు డాక్టర్ అని పెట్టాడు. పోస్టుమాన్ వీధంతా తిరిగి, ఈ పేరుతో డాక్టరెవరూ లేరని చెప్పి, చివరికి రంగులాయప్ప చేతికి ఇచ్చిపోయాడట. నేను వచ్చే దాకా దాన్ని అద్దం వెనుక దాచి ఉంచాడు. చదివి చెప్పాను. రెండుసార్లు చెప్పించుకున్నాడు. తరువాత నన్ను కూర్చోబెట్టి జవాబు రాయించాడు. ఆయన ఒక్కో మాట చెబుతుంటే నేను ఇంగ్లీషులో రాశాను.

"నేను డాక్టరును కాదని రాయి. పట్టుకు రంగులు వేస్తానని రాయి. కాయితం పంపుతాండామని రాయి." ఆగి, పొయ్యి వైపు చూసి, మళ్ళీ నా వైపు తిరిగాడు. "దాంట్లో తప్పేమన్నా కనపడితే జాబు రాయమను. దిద్దుతాము."

రాసి కార్డు ఆయనకిచ్చాను. ఆ రోజు ఆయన చేతులు మామిడిపండు రంగులో ఉన్నాయి. తువ్వాలుతో రెండు చేతులూ తుడుచుకుని, కలం పట్టుకుని, నా ఇంగ్లీషు కింద గుండ్రటి తెలుగు అక్షరాల్లో మెల్లగా సంతకం చేశాడు. సిరా ఆరేదాకా ఊది, బండికి టైమయింది, స్టేషన్‌లో పోస్టు డబ్బాలో వేసిపో అని కార్డు నా చేతిలో పెట్టాడు.